అక్క నడత

తిరుత్తణి పక్కన మా పల్లెలో నడకను కూడా నడత అనే అనేవాళ్ళం. సంతలో ఎద్దును చూసి "నడత బాగుండాది" అంటే అది కుంటడం లేదని అర్థం. మనిషి గుణానికీ ఆ మాటే వాడతారని నాకు తెలిసింది అక్క పెళ్ళిచూపుల నాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు.

అక్క చిన్నప్పుడు బావి మెట్ల మీద జారి పడింది. అప్పటినుంచి ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడిచేది. కడంబత్తూరు నుంచి పెళ్ళికొడుకూ, వాళ్ళ నాయనా వచ్చి వసారాలో కూర్చున్నారు. పెద్దాయన కాఫీ తాగి లోటా కింద పెట్టి, "పిల్ల నడత ఎట్టుండాదమ్మా?" అని అమ్మను అడిగాడు.

అమ్మ ముఖం పాలిపోయింది.

"దాచేదేముండాదయ్యా. చిన్నప్పుడు పడినాది. ఎడమ కాలు ఈడుస్తాది. పనికి మాత్రం ఎవురికీ తీసిపోదు."

"అయ్యో, నేను కాలు మాట అడగలేదమ్మా, గుణం మాట అడిగినా" అన్నాడాయన. కాలు సంగతి ఆయనకు అంతవరకూ తెలియదని అర్థమై నాన్న తల దించుకున్నాడు.

అప్పుడు లోపలినుంచి అక్క వచ్చింది. "చూసుకోండయ్యా" అని వసారా ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచింది. తల వంచలేదు. మళ్ళీ వెనక్కి తిరుగుతుంటే, అంతసేపూ నోరు విప్పని పెళ్ళికొడుకు, "చాలు నాయనా, ఆయమ్మను కూచోమను. కాలు నొయ్యదా?" అన్నాడు.

పెద్దాయన కొడుకును ఒకసారి చూసి నవ్వాడు. "సరి, మావాని నడత మీరూ చూసినారు. ఇంక మాట్లాడేదేముండాది?"

పెళ్ళయ్యాక ఆ బావతోనే అక్క కడంబత్తూరు వెళ్ళిపోయింది. అప్పుడు మా ఊరు ఆంధ్రలో ఉండేది, కడంబత్తూరు మద్రాసు రాష్ట్రంలో. రైలెక్కితే అంత దూరమేమీ కాదు. కానీ నా లెక్కకు అక్క పరాయి దేశం పోయినట్టే. పొద్దున లేస్తూనే పక్కన చాప మీద చెయ్యి వేసి తడుముకునేదాన్ని.

కొన్నేళ్ళకు తిరుత్తణిని మద్రాసు రాష్ట్రంలో కలిపారు. ఊళ్ళో పెద్దవాళ్ళు కొందరు దిగులుపడ్డారు. నేను మాత్రం, ఇంక అక్కా నేనూ ఒకే చోట ఉన్నట్టేనని సంబరపడి, నాన్నను పోరి రైలెక్కాను. ప్రయాణం మునుపటంత సేపే పట్టింది. అక్క సంతోషంగా ఉంది, చంకలో బిడ్డతో. సాయంత్రం స్టేషన్లో నా తల నిమిరి, "మేయ్, మళ్ళా ఎప్పుడొస్తావు?" అని అడిగింది. నాన్న నా బదులు ఏదో చెప్పాడు. రైలొచ్చేదాకా నేను అక్క కొంగు వదల్లేదు.