మా నాన్నకి తలుపు తియ్యని మేనత్త

నా చిన్నప్పుడు మా ఇంటి తలుపు పగటిపూట మూసేవాళ్ళు కాదు. ఒక్కసారే మూశారు, అదీ నెత్తురు కారుతున్న మా నాన్న ఎదుట. మూసింది ఆయన సొంత అక్క. మావయ్య పోయేక మా దగ్గరే ఉండేది మా మేనత్త.

మా నాన్న కొత్తపేట దగ్గర ఒక పీచు మిల్లులో చేసేవాడు. నానబెట్టిన కొబ్బరి డొక్కల్ని, అంటే కాయ మీద ఒలిచిన తొక్కల్ని, పీచు తీసే మేకుల డ్రమ్ముకి అందించడం ఆయన పని. ఆ రోజు డొక్కతో పాటు కుడిచేతి వేళ్ళనీ లాక్కుంది డ్రమ్ము. మిల్లువాళ్ళు కంగారుగానే రిక్షాలో తీసుకొచ్చేరు. అయితే తెచ్చేముందు నూతి దగ్గర ఒళ్ళు కడిగి, పొట్టు అంటిన చొక్కా విప్పేసి, ఉతికిన చొక్కా తొడిగేరు. నెత్తుటి బట్టలతో మనిషిని ఇంటికి తేకూడదంటారు మా వైపు. అందుకేనని అందరం అనుకున్నాం.

మా అమ్మ ఏడుస్తూ చాప పరవబోయింది. మేనత్త ఆ చాప లాగేసి, మమ్మల్ని బయటికి తెచ్చింది. తలుపు మూసి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

మిల్లు మేస్త్రీ బిత్తరపోయాడు. "అదేంటండీ అక్కగారూ, తోడబుట్టినోడండీ! పడుకోబెట్టండి, కట్టు కట్టేవాణ్ణి మేమే తీసుకొస్తాం కదండీ."

"ఆయ్, తెస్తారు. రేపు ఇంట్లో కత్తిపీటకి తెగిందని కూడా మీరే అంటారు. గడప దాటనివ్వను. రిక్షా పెద్దాసుపత్రికి తిప్పించండి బాబూ. వాడి చొక్కా కూడా తెప్పించండి."

పక్కింటి ముసలమ్మ ఊరుకోలేదు. "నీది గుండేనా, రాయా?"

"ఏదో ఒకటిలే పిన్నీ, నువ్వు దారి తప్పుకో."

ఆసుపత్రి దారి పొడుగునా నేను మేనత్త మొహం చూడలేదు. అంత కోపం. ఆసుపత్రిలో డాక్టరుగారు ఎలా జరిగిందని అడిగేరు. మేస్త్రీ మాట అందుకోబోతే మేనత్త చెయ్యడ్డం పెట్టి, "నువ్వు చెప్పరా. నీ నోటితో నువ్వే చెప్పు" అంది. మా నాన్న మేస్త్రీ వంక చూశాడు. నిజం చెబితే పని పోతుందని భయం, చెప్పకపోతే ఏం పోతుందో ఆయనకి తెలీదు. ఆఖరికి డాక్టరుగారి వైపు తిరిగి, "మిల్లులోనండీ. డ్రమ్ము దగ్గర" అన్నాడు. డాక్టరుగారు ఆ మాటే రాసుకున్నారు.

వరండాలో కూర్చున్నాక మేనత్త నాతో నెమ్మదిగా చెప్పింది. మా మావయ్య ధాన్యం మిల్లులో బెల్టు కొట్టి పడిపోతే ఇలాగే శుభ్రం చేసి ఇంటికి తెచ్చేరట. ఆవిడ పక్క వేసి పాలు పట్టిందట. ఆయన పోయేక, ఇంట్లో జారిపడ్డాడని చెప్పి ఆ మిల్లువాళ్ళు చేతులు దులుపుకున్నారట. "చేర్చుకోవడమే నేను చేసిన తప్పయింది" అంది. కళ్ళు తుడుచుకోలేదు, తడిగా కూడా లేవు.

మా నాన్నకి మూడు వేళ్ళు పోయాయి. తరవాత లేబరాఫీసు చుట్టూ మేనత్తే తిరిగింది, నన్ను వెంటేసుకుని. ఎండల్లో మొదలైతే చలికాలానికి తేలింది. నష్టపరిహారం ఇప్పించిన రోజు మిల్లు యజమాని కూడా అక్కడే ఉన్నారు. అలవాటు కొద్దీ మా నాన్న ఆయన ముందు వంగి దణ్ణం పెట్టబోయాడు. మేనత్త నాన్న మణికట్టు పట్టుకుని ఆపేసింది.

"ఎందుకురా? ఆయన దానం చెయ్యలేదు. పనిలో పోయిన వేళ్ళకి చట్టం ఇప్పించింది. తిన్నగా నిలబడు."

మా నాన్న నిలబడ్డాడు. ఆ మనిషి ముందు ఆయన వంగకుండా ఉండడం నేను మొదటిసారి చూశాను.

నా చదువు మూడో తరగతితో సరి. చట్టాల పేర్లు నాకు నోరు తిరగవు. అయినా మొన్న మా వీధిలో రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్ళే పిల్ల పనిలో కాలు విరగ్గొట్టుకుంటే, వాళ్ళమ్మ, "పళ్ళు పంపేరండీ, ఎంత మంచోళ్ళో" అంది. పళ్ళు తినమన్నాను, పారెయ్యడం దేనికి? ఈఎస్ఐ బీమా ఉందో లేదో, మంచాన ఉన్నన్నాళ్ళూ ఏం వస్తుందో కూడా వెళ్ళి అడగమన్నాను. మొహమాటంగా నవ్వింది. నేను నవ్వలేదు.

ఎవరికైనా పనిలో దెబ్బ తగిలిందంటే ఇప్పటికీ నాకు ముందు అయ్యో అనడం రాదు. ఎక్కడ జరిగింది, ఎవరు చూశారు, డాక్టరుకి ఏం చెప్పారు అని అడుగుతాను. కటికదాన్నంటారు. అననీ. ఏడవడానికి తరవాత బోలెడంత టైముంటుంది.