సుగుణ మేడం ఇచ్చిన తొవ్వ

నెట్‌వర్క్ గది తలుపు తీయగానే చల్లగాలితో పాటు వేడెక్కిన దుమ్ము వాసన ముఖానికి కొడుతుంది. ఎన్నేళ్లయినా ఆ వాసనకు నాకు ముందుగా గుర్తొచ్చేది సుగుణ మేడమే. హబ్సిగూడలోని మా పరిశోధనా సంస్థలో ఆవిడ నా మొదటి అధికారి. నాచారం నుంచి ఇద్దరం ఒకే బస్సులో వచ్చేవాళ్లం. పరిశోధనా సంస్థలనూ విశ్వవిద్యాలయాలనూ కలిపే డేటా లైన్లలో, అడిగినవాళ్లకు అడిగిన వేళకు కొంత బ్యాండ్‌విడ్త్‌ను విడిగా కేటాయించి, పని కాగానే తిరిగి అందరికీ వదిలేయడం మా ఉద్యోగం. చేరిన కొత్తలో అది నాకు అర్థంకాకపోతే, బస్సు కిటికీలోంచి చౌరస్తా చూపించి చెప్పారు: "అంబులెన్స్‌కు తొవ్వ ఇస్తరు సూడు, గట్లనే. అది పోయినంక తొవ్వ మళ్ల అందరిది."

ఒక మధ్యాహ్నం, జబ్బేమిటో ఇక్కడ ఎవరికీ అంతుపట్టని ఒక పాప జన్యు వివరాలు వేరే నగరంలోని సంస్థకు పంపుతున్నాం. అక్కడివాళ్లు వాటిని చూసి సాయంత్రంలోగా మందు తేల్చాలి. సగం వెళ్లాయో లేదో, డైరెక్టర్ గారి కార్యదర్శి ఫోన్ చేశాడు. ఢిల్లీతో వీడియో సమావేశంలో బొమ్మ ఆగిపోతోందట, పాప వివరాలకు మేమిచ్చిన కేటాయింపు తీసేయాలట. మధ్యలో తీసేస్తే అంతా మొదటి నుంచి పంపాల్సి వస్తుందని మేడం నిదానంగా చెప్పి చూశారు. అవతలి గొంతు హెచ్చింది.

"సార్ మాట ఆగితే మళ్ల మాట్లాడొచ్చు. ఈ పాపకు టైం లేదు. నేను తియ్య," అని ఫోన్ పెట్టేశారు. పంపడం పూర్తయ్యేదాకా స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నారు.

ఆ నెలాఖరుకే ఆవిడను స్టోర్స్‌కు మార్చారు. కారణం ఎవరూ చెప్పలేదు. పదవీ విరమణ దాకా పాడైన మానిటర్ల మధ్యే గడిపారు. మధ్యాహ్నాలు నేను అన్నం డబ్బా పట్టుకుని అక్కడికే వెళ్లేదాన్ని. "పని లేక కూసుంటేనే మస్తు అలుపొస్తది," అనేవారు.

పాపకు మందు దొరికింది గానీ, అప్పటికే జబ్బు ముదిరిపోయింది. బతకలేదు. ఆ కబురు నేనే చెప్పాల్సి వచ్చింది. మేడం తినడం ఆపి, డబ్బా మూత పెట్టేశారు. మరి ఇంత కష్టం ఎందుకు నెత్తిన వేసుకున్నారని అడిగాను.

"ఏడనో ఆలస్యమైంది బిడ్డా. మన దగ్గర మాత్రం ఆగలే."

ఇప్పుడు ఆవిడ లేరు. నెట్‌వర్క్ గదిలో ఆవిడ కుర్చీలో నేనున్నాను. పైనుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి, వాదించే ఓపిక ఏటికేడు తగ్గుతోంది. అయినా ఎవరి లైనైనా తీసేయమన్నప్పుడు, అవతల ఎదురుచూస్తున్నది ఎవరో కనుక్కోకుండా నా చెయ్యి కీబోర్డు మీదికి పోదు.