కొత్త అల్లుడి ఫ్యాను

పోయిన ఏడాది గుండెపోటుతో పోయిన మా అన్నయ్య కొత్తపేట దగ్గర కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో మెకానిక్. కొబ్బరికాయ మీది డొక్కలు చీల్చే డ్రమ్ము నిండా ఇనప మేకులుంటాయి. వాటికి పీచు చుట్టుకుపోతే చేత్తో లాగాలి. ఆయన బటన్ ఆపి ఊరుకునేవాడు కాదు. మెయిన్ ఫ్యూజు పీకి, జేబులో వేసుకున్నాకే చెయ్యి లోపల పెట్టేవాడు.

"ఏవండీ, కరెంటు ఇంటికి పట్టుకెళ్లిపోతారేంటి?" అని పనివాళ్లు నవ్వేవారు.

"ఆయ్, మీ వదినగారు గ్రైండరుకి తెమ్మందండి" అనేవాడు.

ఆ రోజు యజమానిగారి కొత్త అల్లుడు మస్కట్ నుంచి వచ్చి ఆఫీసు గదిలో కూర్చున్నాడు. అన్నయ్య ఫ్యూజు పీకగానే అక్కడ ఫ్యాను ఆగింది. అల్లుడు చెమట తుడుచుకున్నాడు. కొత్త అల్లుడికి చెమట పట్టడం మా వైపు చిన్న విషయం కాదు. యజమానిగారు వచ్చి అన్నయ్య పక్కన నిలబడ్డారు. అన్నయ్యే జేబులోంచి ఫ్యూజు తీసిచ్చాడు.

"పెట్టేయండి. బటన్ ఆపే ఉంది కదండీ, ఐదు నిమిషాల పని."

యజమానిగారు ఫ్యూజు పెట్టి, అల్లుడికి బొండాలు కొట్టించడానికి వెళ్లారు. కరెంటు వచ్చినా ఫ్యాను తిరగలేదు, ఈలోగా దాని స్విచ్ ఎవరో ఆపేసి ఉన్నారు. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని అల్లుడు తానే లేచి, ఫ్యానుదనుకుని, ఆ స్విచ్ పక్కనున్న డ్రమ్ము పచ్చ బటన్ నొక్కాడు.

అన్నయ్య కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి.

అమలాపురం ఆసుపత్రిలో డాక్టరుని ఆయన అడిగింది ఒకటే, మళ్లీ పానా పట్టగలనా అని. అల్లుడు చూడ్డానికొచ్చి ఏడుస్తుంటే, నన్ను కుర్చీ ఖాళీ చెయ్యమని సైగ చేశాడు. "కూర్చోండి బాబూ. ఇక్కడ ఫ్యాను బాగానే తిరుగుతుంది."

ప్రమాదం ఎలా జరిగిందో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుగారికి కాగితం రాసివ్వమన్నారు. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేను.

"ఒరేయ్, అల్లుడుగారి ఊసెత్తకు. నా అజాగ్రత్తేనని రాసెయ్" అన్నాడు అన్నయ్య.

రాశాను. అక్షరం తప్పు లేకుండా రాశాను.

ఆరు నెలలు ఇంటి దగ్గర రెండు వేళ్లతో పానా తిప్పడం నేర్చుకుని, పనిలోకి వెళ్లాడు. యజమానిగారు కూర్చోబెట్టి, టీ తెప్పించి, చాలా నొచ్చుకుంటూ చెప్పారట.

"మీ సంగతి నాకు తెలీదేంటండీ. ఇన్‌స్పెక్టరుగారే ఒప్పుకోలేదు. అజాగ్రత్త మనిషని కాగితంలో ఉంది కదా, మళ్లీ మిషను దగ్గరికి ఎలా పంపుతారన్నారు."

"ఆయ్, నిజమేనండి" అన్నాడట అన్నయ్య.

ఆ సాయంత్రం ఇది నాకు చెప్పి, "బాగా రాశావురా" అన్నాడు. పోయేదాకా ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరే కూర్చుని, వచ్చే లారీల నంబర్లు ఎడమచేత్తో రాసుకున్నాడు.