సీసాలో బావి నీళ్లు

జహీరాబాద్ బడిలో ఆ ఏడు రసాయనశాస్త్రం ప్రయోగ పరీక్షలో నా స్నేహితుడు తప్పలేదు, నేను తప్పించాను. ఆ మాట అప్పుడు చెప్పలేదు. తర్వాత చెప్పకపోవడమే అలవాటైంది.

నలభైల నాటి సంగతి, నైజాం రోజులు. లవణంలో ఏ అయాన్లున్నాయో కనిపెట్టడానికి ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్లే వాడాలి. బల్లకో సీసా, మా బల్ల సీసా నింపే పని నాకూ వాడికీ వంతులవారీగా ఉండేది. పరీక్షకు ముందురోజు వంతు నాది. ఒక్క సీసా నిండాలంటే పూటంతా కుంపటి ముందు కూర్చోవాలి. బడి బావి పది అంగల్లో ఉంది. నీళ్లు తేటగానే ఉంటాయి, కాస్త ఉప్పన, అంతే. కరిగిన ఉప్పు ఎవరికి కనబడుతుంది అనుకుని అవే నింపేశాను. సిల్వర్ నైట్రేట్‌కు కనబడుతుంది.

పరీక్షలో మా ఇద్దరికీ సూరేకారమే పడింది, అంటే పొటాషియం నైట్రేట్. పేరు చెప్పరు. మేమే కనిపెట్టి దాని ఫార్ములా భారం లెక్కగట్టాలి. ఈసారి ఫేలైతే అల్లం చేనుకే అని వాడి నాయన ముందే చెప్పి పంపాడు.

సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే, క్లోరైడ్ ఉన్నచోట తెల్లగా విరుగుతుంది. ఇద్దరికీ విరిగింది. ఆ తెలుపు ఎక్కడిదో తెలుసు కనుక నేను దాన్ని మోరీలో పారబోసి, నైట్రేట్ పరీక్ష చేసి, నూట ఒకటి అని రాశాను. వాడు కళ్లతో చూసింది నమ్మాడు. పొటాషియం ముప్పై తొమ్మిది, క్లోరిన్ ముప్పై అయిదున్నర, మొత్తం డెబ్బై నాలుగున్నర. కూడికలో తప్పేమీ లేదు.

"ఇందుల క్లోరైడ్ ఏడికెల్లి వచ్చిందిరా? పొద్దుగాల తిన్న తొక్కు చేతికే ఉన్నదా?" అన్నారు సారు.

"లేదు సార్, తెల్లగొచ్చింది. మీరే చూడున్రి."

"అది నీ చేతి చెమట. పో, మంచిగ కడుక్కొని రా."

వాడు బావి దగ్గర చేతులూ పరీక్షనాళికా అరిగిపోయేలా తోముకొచ్చి మళ్లీ చేశాడు. ఈసారి ఇంకా తెల్లగా విరిగింది. క్లాసంతా నవ్వింది. నవ్వకపోతే అనుమానం వస్తుందని నేనూ నవ్వాను.

"వీన్ని జూసి నేర్చుకోన్రి, ఎంత సాఫ్‌గ చేసిండో" అని సారు నా భుజం తట్టారు.

వాడు ఫేలై చేనుకు పోయాడు. నేను సైన్సు మాస్టరునయ్యాను. ప్రయోగశాలలో శుభ్రత గురించి నా అంత బాగా చెప్పేవాళ్లు లేరని పేరు కూడా తెచ్చుకున్నాను.

పోయిన ఏడాది చిరాగ్‌పల్లి దగ్గర వాడి ఇంటికి వెళ్లాను.

"ఏం సార్, బడి ఇడిసిపెట్టి ఇటెట్ల?" అని నవ్వాడు.

వాడి కొడుకు పదో తరగతి పరీక్షకు వచ్చాడట. గూట్లో ఉన్న హాల్‌టికెట్ చూడమన్నాడు కానీ తాను ముట్టుకోలేదు.

"నువ్వే తీస్కో. నా చెయ్యి తగుల్తే ఖరాబైతది. నువ్వు జూస్తివి గద, ఎంత కడిగినా పోలే" అన్నాడు, నవ్వుతూనే.

"నీ చెయ్యి మంచిదేరా" అన్నాను. "ఆ సీసల బాయి నీళ్లు పోసింది నేను. తెలిసి నోరు మూస్కున్న. నీ సదువు నేనే ఆపిన. నన్ను మాఫ్ చెయ్యి."