అందరూ రాజయ్యలే అయిన రోజు

మొన్న పెద్దపల్లిలో మా చెల్లె బిడ్డ ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, పల్లీలు ఒలుచుకుంటూనే ఏదో మీట నొక్కి, "అయిపోయింది మామా, సర్వర్లన్నీ లేచినయ్" అంది. ఎన్ని అంటే లెక్క కూడా చెప్పలేకపోయింది. నా చేతిలో చాయ్ చల్లారిపోయింది.

మేము కరీంనగర్‌లో కొలువుకు చేరిన కొత్తలో సర్వర్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడమంటే పెళ్లిచూపులే. సీడీ పెట్టి ఎదురుగా కూర్చుంటే, ఏ భాష అంటుంది, డిస్కును ఎన్ని భాగాలు చేయాలంటుంది, పాస్‌వర్డ్ ఏమిటంటుంది. ఓపికగా జవాబిచ్చి లేస్తే పక్క సర్వర్ మళ్లీ అవే ప్రశ్నలు అడుగుతుంది. మొదటి సర్వర్ దగ్గర మొలిచిన గడ్డం చివరిదాని దగ్గరికి వచ్చేసరికి నా బొడ్డు దాకా దిగిందంటే మీరు నమ్మరు. నమ్మకపోతే మీ ఇష్టం.

అలాంటి రోజుల్లో మా కంపెనీలో గదినిండా కొత్త సర్వర్లు దిగాయి. సోమవారానికి అన్నీ నడిస్తే నా కొలువు పక్కా, లేకపోతే ఇంటికే అన్నాడు మా సారు. ఇల్లంటే మా ఊరు బోథ్ దాకా కూడా కాదు, అటునుంచి అటే దుబాయి. మేనమామ పంపిన వీసా మా బాపు దగ్గర తయారుగా ఉంది. "గా డబ్బాల ముందట కూసునుడు గూడ ఒక కొల్వేనారా? సోమారం దాక సూస్త, లేకుంటే ఇమానం ఎక్కుడే" అని ఫోనులో తేల్చేశాడు. నాకేమో ఈ నేల విడిచి పోవాలంటే ప్రాణం కొట్టుకునేది.

మాకు పని నేర్పే అక్క ఒకామె ఉండేది, మెట్‌పల్లి మనిషి. ఆమె సీడీలన్నీ పక్కకు నెట్టేసింది. "ఒక్కొక్కదాన్ని బతిమాలుడేంది తమ్మీ? జవాబులన్నీ ఒక్క ఫైల్ల రాసి పెడదాం. అవే వచ్చి సదువుకుంటయ్." ఒక సర్వర్‌ను పెద్దదిక్కుగా నిలిపి, ఫైలు దానిలో ఉంచి, మిగతావాటిని తీగలతో దానికి కలిపాం. ఫైలు నింపే పని నాది. పేరు అన్నచోట రాజయ్య అని రాశాను. మా దిక్కు కొత్తగా ఇంట్లోకి ఏది వచ్చినా, బిడ్డయినా బర్రెదూడయినా, ముందు వేములవాడ రాజన్న పేరే తలుస్తాం.

మీటలు నొక్కి వెనక్కి జరిగాం. నాటేసే ఆడవాళ్లు ఒక్కసారి వంగినట్టు తెరలన్నీ ఒక్కసారే కదిలాయి. ఎవరూ అడగడం లేదు, ఎవరూ చెప్పడం లేదు. ఒక్క నారుమడితో పొలమంతా పచ్చబడ్డట్టు గదంతా నిండుతోంది. ఫ్యాన్ల హోరుకు గోదావరి అవతల కోళ్లు కూశాయని తర్వాత తెలిసింది.

తీరా లేచాక చూస్తే అందరూ రాజయ్యలే! ఒకడిని పిలిస్తే ఇంకొకడు పలుకుతున్నాడు, ఒకడికి చెప్పిన పని వేరొకడు నెత్తిన వేసుకుంటున్నాడు. నాకు విమానం మోత వినపడింది. అక్క మాత్రం కడుపు పట్టుకుని నవ్వింది.

"మీ ఊర్ల ఎంతమంది రాజయ్యలున్నరు తమ్మీ?"

"ఇంటికొకడక్కా."

"మరెట్ల పిలుస్తరు?"

"ఇంటిపేరు కలిపి."

"గదే జెయ్, ఫికర్ జెయ్యకు."

ప్రతి సర్వర్‌కూ పుట్టుకతో వచ్చే నంబరు ఒకటి ఉంటుంది. ఎవరి నంబరు వాళ్లే ఇంటిపేరుగా పెట్టుకోమని ఫైలులో ఒక్క పంక్తి మార్చాం, అంతే. మళ్లీ మీట నొక్కితే ఆ రాజయ్యలందరూ తమను తామే చెరిపేసుకుని, మేం చాయ్ తాగి వచ్చేలోగా ఎవరి పేరుతో వాళ్లు కొత్తగా పుట్టి నిలబడ్డారు. సృష్టి ఇలాగే జరిగి ఉంటుందా అనిపించి చెప్పులు విడిచి గదిలోకి వెళ్లాను. ఇది మాత్రం కోతలు కాదు.

సోమవారం సారు ఒక్కొక్క సర్వర్‌నూ పేరుపెట్టి పిలిచి చూసుకుని, నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ ఏడాది నాకు బదులు విమానం ఎక్కింది మా బాబాయి కొడుకు.

ఆ గదిలో ఇప్పుడు చీరల దుకాణం నడుస్తోంది. ఆ సంగతంతా చెప్పి, నీ సర్వర్లను ఒక్కసారి చూపించు బిడ్డా అని మా చెల్లె బిడ్డను అడిగాను. "నేనే ఎన్నడు సూడలే మామా. కంపెనోళ్లు గీసారి అవ్విటిని దుబాయిల కిరాయికి తీసుకున్నరట" అని మళ్లీ పల్లీలు అందుకుంది. ఒకప్పుడు వాటికోసం నేను దుబాయి మానుకుని ఇక్కడ ఉండిపోయాను. ఇప్పుడు నన్ను ఇక్కడే ఉంచి అవి వెళ్లిపోయాయి.