చూడని కొండ పేరు

మా బావ టికెట్లు బుక్ చేసే ఆఫీసులో గుమాస్తా. లోకాన్నంతా కొండలకీ సముద్రాలకీ పంపిస్తాడు కానీ, తాను మాత్రం పొలిమేర దాటి ఎరగడు. కవలలు పుట్టగానే, ఆఫీసు గోడ మీద ఎండకి వెలిసిన పోస్టరులోని మంచుకొండ పేరు కొడుక్కీ, దాని పాదాల దగ్గర పారే నది పేరు కూతురికీ ఖాయం చేశాడు.

ఆసుపత్రి మంచం మీద ఇద్దరినీ చెరో పక్క పడుకోబెట్టుకున్న అక్క, ఆ పేర్లు నిదానంగా వింది.

"పెళ్ళైన కొత్తలో నన్ను తీసుకెళ్తానన్నది ఈ కొండకేగా?"

"సెలవు దొరకలేదు కదే."

"ఏడేళ్ళూనా? అది గుర్తొచ్చేలా రోజుకి నలభైసార్లు పిల్లల్ని పిలవాలా నేను?"

"అక్కడి గాలి ఎంత చల్లగా ఉంటుందో నీకేం తెలుసు."

"మీకు తెలుసా?"

బావ కిటికీలోంచి బయటికి చూశాడు. బయట ఆసుపత్రి గోడ తప్ప ఏమీ లేదు.

అంతలో పేర్లు రాసుకోవడానికి నర్సు వచ్చింది.

"ముందు మా ఆయన మమ్మల్ని ఆ కొండకి తీసుకెళ్ళాలమ్మా. ఆ తరవాత చెబుతాం," అంది అక్క.

మొన్న పిల్లలిద్దరూ ఒకటో తరగతిలో చేరారు. హాజరు పట్టీలో వాళ్ళ పేర్లు బుజ్జిగాడు, బుజ్జమ్మ.