కిటికీకి తడి గోనె

పెళ్లయిన రెండో ఏడు నేను హన్మకొండ అవతల ఉన్న ఒక చిన్న నూలు మిల్లులో పనికి కుదిరాను. అరవైలు అప్పుడే మొదలయ్యాయి. వరంగల్‌లో మా బాపు గుంట మగ్గం మీద నేసే చీరలకు గిరాకీ పడిపోయి, ఇల్లు గడవడం కష్టమైన రోజులవి.

చిన్న కండెల మీది దారాన్ని మిషన్ మీద పెద్ద కండెలకు ఎక్కించడం మా పని. ముప్ఫై మంది ఆడవాళ్లం. ఆ పొడవాటి గదికి ఒక వైపు ఎనిమిది కిటికీలుండేవి. గాలి తగిలితే దారం తెగుతుందని ఎనిమిదింటికీ మేకులు కొట్టేశారు. దూది నుసి బయటికి పోయే దారి లేక మా మధ్యే తిరిగేది. కనురెప్పల మీద, సద్దిబువ్వ మీద, ఎక్కడ చూసినా అదే. పని దిగి ఇంటికి పోయాక దగ్గితే కళ్లెలో తెల్లటి పోగులు కనబడేవి.

నా పక్క మిషన్ మీద పనిచేసే ఆమెను అక్కా అనేదాన్ని. నర్సంపేట నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద. సోమవారం అంటే ఆమెకు భయం. ఆదివారం సెలవుకు తేరుకునేది. సోమవారం లోపల అడుగుపెట్టిన రెండు గంటలకే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఊపిరి పట్టేసేది. దవాఖానకు పోతే డాక్టరు, బీడీలు తాగుతావా అని అడిగాడట. ఆమె జన్మలో బీడీ ముట్టలేదు.

ఎండాకాలంలో ఒక సోమవారం ఆమె మిషన్ పక్కనే కూలబడింది. పెదవులు నల్లబడ్డాయి. ఆమెను బయట నీడలోకి మోసుకెళ్లి పడుకోబెట్టాం. ఆమె కళ్లు తెరిచాక నేను లోపలికొచ్చి, మూలనున్న ఇనుప కడ్డీ అందుకుని దగ్గరి కిటికీ మేకులు పీకేశాను.  

సూపర్‌వైజర్ ఉరికొచ్చాడు. "ఎవలు తెరిచిండ్రు?"

"నేనే సారూ."

"దారం తెగుతదని తెల్వదా?"

"తెగితె ముడేస్త. అక్క ఊపిరి తెగితె ఎవలేస్తరు ముడి?"

సాయంత్రానికి ఆ కిటికీకి మళ్లీ మేకులు పడ్డాయి. నన్ను మూడు రోజులు పనిలోకి రావద్దన్నారు. వచ్చేటప్పుడు, తప్పయింది మన్నించమని మాఫీనామా రాయించి తెమ్మన్నారు.

వరంగల్ పోయి చెబితే బాపు మగ్గం ఆపి అంతా విన్నాడు. "దారం గాలికి తెగది బిడ్డా, తడారితె తెగుతది. మనం మగ్గం గుంట చుట్టు నీళ్లు ఎందుకు చల్లుతం మరి? కిటికీకి తడి గోనె కట్టుండ్రి. గాలొస్తది, దారానికి తడీ దొరుకుతది."

నాలుగో రోజు మాఫీనామా లేకుండానే పోయాను, చంకలో రెండు గోనె పట్టాలతో. ముందురోజే కబురు పెడితే అక్క ఒకటి, ఇంకొకామె ఒకటి తెచ్చారు. అన్నం తినే వేళ మేకులు పీకి రెండు కిటికీలు తెరిచి, ఒక్కోదానికి రెండేసి తడిపిన గోనెలు వేలాడదీశాం. చల్లటి గాలి లోపలికొచ్చింది. గదిలో నిలిచిపోయిన నుసి అవతలి తలుపు వైపు కదిలిపోవడం మా కళ్లతో చూశాం.

సూపర్‌వైజర్ వచ్చి ఒక గోనె లాగి పారేశాడు. నేను మిషన్ ఆపేశాను. పక్కనే అక్క ఆపేసింది. ముందుగా ఎవరమూ అనుకోలేదు గానీ, చూస్తుండగానే ముప్ఫై మిషన్లూ ఆగిపోయాయి. చప్పుడు ఆగేసరికి ఆఫీసులోంచి మేనేజరు పరుగున వచ్చాడు.

"దారం తెగుతదంటాండు ఈ సారు. మీరే జర నిలబడి చూడుండ్రి," అంది అక్క.

గోనె మళ్లీ కట్టి మిషన్లు నడిపాం. మేనేజరు చాయ్ వేళ దాకా నిలబడ్డాడు. రోజూ తెగినంతే తెగింది దారం. అప్పుడు, ఆ రెండు కిటికీలు ఉండనివ్వండి, గోనెలు తడిపే పని మాత్రం మీదే అన్నాడు. నా వైపు తిరిగి, "మాఫీనామా ఇయ్యాలె నువ్వు," అన్నాడు.

"తప్పు చేసినోళ్లు ఇస్తరు సార్," అన్నాను.

మూడు నెలలు అడిగారు. ఇవ్వలేదు. నన్ను మూలనున్న పాత మిషన్‌కు మార్చారు, పోయాను. మరుసటి ఎండాకాలానికి ఎనిమిది కిటికీలూ తెరుచుకున్నాయి. అదంతా తమ ఏర్పాటేనని మిల్లు వాళ్లు చెప్పుకున్నారు. చెప్పుకోనీ అనుకున్నాం.

అక్క ఊపిరి మాత్రం పూర్తిగా బాగుపడలేదు. గాలి ఆలస్యంగా వచ్చింది ఆమెకు. రెండేళ్లకు పని మానేసింది. ఆ రోజు మేమందరం పని వదిలి ఆమెతో గేటు దాకా నడిచాం. ఎవరి పర్మిషనూ అడగలేదు.